మిర్చి యార్డులో చమకం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాని నేను. తక్‌పట్టీలు, అంటే అమ్మకం లెక్క చీటీలు రాయడం, రైతుకి ఎంత రావాలో, హమాలీలకి ఎంత పోవాలో తేల్చడం నా పని. పొద్దున్నే మా వీధి శివాలయానికి కూడా వెళ్తాను. ఆ సంగతి తెలిసినవాళ్లు "రోజంతా డబ్బు మధ్య ఉండి కూడా దేవుణ్ని మరిచిపోలేదు చూడండి" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు పెద్దగా రుచించదు. గుడికీ డబ్బుకీ వైరమని వీళ్లకి ఎవరు చెప్పారో!

అభిషేకంలో నమకం అయ్యాక చమకం చదువుతారు, రెండూ శివుడి వేదమంత్రాలే. నాకు సంస్కృతం రాదు. పూజారిగారిని పట్టుకుని తాత్పర్యం చెప్పించుకున్నాక చెవి అటే పెట్టి వింటున్నాను. అందులో ఉన్నదంతా "నాకు ఇది కావాలి, అది కావాలి" అనే. నాలుగో అనువాకంలో, అంటే నాలుగో భాగంలో, వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు అడుగుతారు. ఐదో అనువాకంలో బంగారం, ఇనుము, సీసం, తగరం. మొహమాటమే లేదు. పదకొండో అనువాకానికి వచ్చేసరికి ఒకటి, మూడు, ఐదు అంటూ 33 దాకా బేసి సంఖ్యలు, ఆపైన నాలుగు, ఎనిమిది, పన్నెండు అంటూ 48 దాకా. వాటికి పెద్దలు చెప్పే అర్థాలు వేరే ఉన్నాయి. నాకు మాత్రం కాటా దగ్గర టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, లెక్కపెడుతున్నట్టే ఉంటుంది. అన్నీ ఉన్నాయి గానీ మిరపకాయ ఒక్కటి లేదు. ఎలా ఉంటుంది, పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చేదాకా మిరప ఈ దేశంలోనే లేదాయె! ఉండి ఉంటే ఆ ఒక్క మాట గుంటూరు వాళ్లం ఇంకాస్త గట్టిగా పలికేవాళ్లం.

నమకం ఇంకా తమాషా. అందులో వర్తకుడి రూపంలో ఉన్న రుద్రుడికి నమస్కారం ఉంది. దొంగల నాయకుడికీ, వంచించేవాడికీ కూడా ఉంది. యార్డులో అందరూ కనిపిస్తారు, కొన్నిసార్లు ఒకే మనిషిలో. మచ్చు చూస్తానని బస్తా బస్తాకీ గుప్పెడు కాయలు లాగి పక్కన కుప్ప పోసుకునేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాడిలోనూ శివుడున్నాడంటే సరే, దణ్ణం పెడతాను. ఆ కాయలు మాత్రం రైతు బస్తాలోకి తిరిగి పోయాల్సిందే.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఈమధ్య వచ్చి, "ఒకటే టెన్షన్ బాబాయ్. అన్నీ వదిలేసి ఏదైనా ఆశ్రమానికి పోవాలనుంది" అన్నాడు. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. పెళ్లిలో వాడు ఇచ్చిన మాట గుర్తుచేశాను. ధర్మేచ, అర్థేచ, కామేచ నాతిచరామి. ఆ మూడింట్లో భార్యని దాటి నడవనని. మోక్షం ఊసు అక్కడ లేదు, అర్థం ఉంది.

"అర్థం అంటే ఫ్లాటు ఈఎంఐయే కదా?" అన్నాడు నవ్వి. "అయితే నీకు మోక్షం వద్దా?"

"సీజన్ అయ్యాక చూద్దాంలేరా" అన్నాను.

నాకు గుచ్చుకునేది వేరే ఉంది. కార్తీకంలో యార్డుకి కొత్త పంట ఇంకా రాదు, ఏసీ సరుకే, అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన పాత పంటే నడుస్తుంది. హమాలీల ముఠాలో సగం మంది అయ్యప్ప మాలలో, నల్లబట్టల్లో ఉంటారు. మాకు తెలిసిన ఒక షావుకారు కూడా ఏటా మాల వేస్తాడు. నిష్ఠ గట్టిదే, చన్నీళ్ల స్నానం, నేల పడక, అన్నీ పాటిస్తాడు. ఆ 41 రోజులూ టిక్కీ మోసే కుర్రాణ్ని "స్వామీ, ఈ లాటు కాస్త ఇటు జరపండి" అంటాడు. మాల తీసిన మర్నాడు అదే కుర్రాడు "ఒరేయ్". కుర్రాడు కూడా దానికేం అనుకోడు, అలవాటే.

ముఠా మేస్త్రి మాత్రం గట్టివాడు. కూలి పెంచమని అడగాలంటే షావుకారు మాలలో ఉన్నప్పుడే అడగాలని వాడి లెక్క. పోయినేడు అలాగే వెళ్లి, టిక్కీకి ఒక్క రూపాయి కలపమన్నాడు. షావుకారు కోప్పడలేదు. చేతులు జోడించి, "తప్పకుండా స్వామీ, జ్యోతి దర్శనం కానివ్వండి" అన్నాడు.