పని చేసే మనుషులున్న సైన్స్ ఫిక్షన్ సినిమాలు

సైన్స్ ఫిక్షన్ సినిమా నాకు నచ్చాలంటే అందులో ఎవరో ఒకరు పని చేస్తూ కనిపించాలి. మామూలు డ్యూటీ పని. ప్యానెల్ విప్పడం, పార్టు మార్చడం, టెస్ట్ చేసి మళ్ళీ బిగించడం. నేను బయోమెడికల్ ఇంజనీర్‌ని. విజయవాడ, గుడివాడ, ఏలూరు ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు, పేషెంట్ మానిటర్లు, సిరంజి పంపులు రిపేరు చేస్తుంటాను. అందుకేనేమో, తెర మీద ఎంత పెద్ద అంతరిక్ష నౌక వచ్చినా నా కళ్ళు ముందు దాన్ని చూసుకునే మనిషి కోసం వెతుకుతాయి. ఆ మనిషి కనబడ్డాడంటే మిగతా కథంతా నమ్మేస్తాను.

నా లిస్టులో మొదటిది '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీశాడు. అందరూ ఆ నల్ల రాయి గురించి, చివరి రంగుల గురించి మాట్లాడతారు. నాకు ప్రాణం ఏఈ-35 యూనిట్ ఎపిసోడ్. నౌకలోని యాంటెన్నాని భూమి వైపు తిప్పి ఉంచే చిన్న భాగం అది. 72 గంటల్లో అది కచ్చితంగా పాడవుతుందని హాల్ అనే కంప్యూటర్ చెబుతుంది. వ్యోమగామి బౌమన్ పాడ్ అనే చిన్న వాహనంలో బయటికి వెళ్ళి దాన్ని విప్పి స్పేర్ బిగించి వస్తాడు. ఆ సేపంతా మనకి వినిపించేది అతని ఊపిరి. బయట శూన్యం కాబట్టి శబ్దం లేదు, సంగీతం కూడా లేదు. తెచ్చిన పార్టుని బెంచ్ మీద పెట్టి పరీక్షిస్తే అందులో ఏ లోపమూ దొరకదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇక్కడే ఒళ్ళు జలదరిస్తుంది. రాత్రి ఐసీయూ నుంచి ఫోన్ వస్తుంది, మానిటర్‌లో ఆక్సిజన్ రీడింగ్ ఉన్నట్టుండి పడిపోతోందని. వెళ్ళి ప్రోబ్ చూస్తాం, కేబుల్ చూస్తాం, రోగి బదులు సంకేతాలిచ్చే సిమ్యులేటర్ తగిలించి అన్ని విలువలూ చూస్తాం. అంతా కరెక్టుగానే ఉంటుంది. సర్వీస్ రిపోర్టులో 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాసి సంతకం పెట్టేటప్పుడు చెయ్యి బరువెక్కుతుంది. మిషన్ బాగానే ఉందా, లోపం మన టెస్టుకి చిక్కలేదా అన్నది ఆ కాగితం చెప్పదు. సరిగ్గా ఆ స్థితిలో హాల్ ఏమని సలహా ఇస్తుందంటే, పాత యూనిట్‌నే తిరిగి పెట్టండి, పాడయ్యేదాకా ఆగుదాం, అప్పుడు కారణం తెలుస్తుంది అంటుంది. మా సీనియర్లు కూడా ఇదే చెప్పేవారు. అంతుచిక్కని లోపాన్ని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మనుషుల్ని చంపబోయే కంప్యూటర్ నోట మంచి ఇంజనీర్ మాట పలికించాడు కూబ్రిక్. అది ఆ ఎర్రకన్నుతో బెదిరించి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

తర్వాత హాల్‌ని ఆపేయడానికి బౌమన్ లోపలికి వెళ్ళి దాని మెమరీ మాడ్యూళ్ళని ఒక్కొక్కటే తిప్పి బయటికి లాగుతాడు. దాని గొంతు నెమ్మదించి, చివరికి 'డైసీ బెల్' అనే పాత ఇంగ్లిష్ పాట అందుకుంటుంది. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం 704 కంప్యూటర్ చేత నిజంగానే ఆ పాట పాడించారు. స్క్రిప్టులో పాలుపంచుకున్న ఆర్థర్ సి. క్లార్క్ అక్కడికి వెళ్ళినప్పుడు ఆ ప్రదర్శన చూశాడు. ఈ సంగతి తెలిశాక ఆ సీను నాకు ఇంకా బరువుగా అనిపిస్తుంది.

ఇక 'ది మార్షియన్', 2015. రిడ్లీ స్కాట్ సినిమా. మార్స్ మీద ఒంటరిగా చిక్కుకుపోయిన వాట్నీ బంగాళదుంపలు పండించడం అందరికీ గుర్తుంటుంది. నేను మాత్రం పాత్‌ఫైండర్ సీను కోసం మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటాను. పాత్‌ఫైండర్ నిజమైన ల్యాండర్. 1997 జులై 4న మార్స్ మీద దిగింది, ఆ సెప్టెంబరులో సంబంధాలు తెగిపోయాయి. సినిమాలో వాట్నీ దాన్ని ఇసుకలోంచి తవ్వి తెచ్చి కరెంటు ఇస్తాడు. భూమి మీదివాళ్ళు చేయగలిగింది దాని కెమెరాని అటూ ఇటూ తిప్పడం మాత్రమే. మరి మాట్లాడుకునేదెలా? చుట్టూ ఇంగ్లిష్ అక్షరాల కార్డులన్నీ గుండ్రంగా నిలబెడితే ఒక్కో దానికి 14 డిగ్రీలు కూడా రావు, కెమెరా దేన్ని చూపిస్తోందో తేల్చుకోలేం. అందుకని హెక్సాడెసిమల్‌కి, అంటే 16 గుర్తులతోనే సంఖ్యలన్నీ రాసే పద్ధతికి వెళ్తాడు. 16 కార్డులు చాలు, ఒక్కోదానికి 22.5 డిగ్రీల చోటు దొరుకుతుంది. రెండు కార్డులు కలిస్తే ఒక అక్షరం. కెమెరా ముందు 4 వైపు, తర్వాత 1 వైపు తిరిగిందంటే ఇంగ్లిష్ పెద్ద 'ఏ'. ఏ అక్షరానికి ఏ సంఖ్యో చెప్పే యాస్కీ పట్టిక తోటి వ్యోమగామి సామానులో దొరుకుతుంది.

పాలిటెక్నిక్‌లో హెక్సాడెసిమల్ బట్టీ పట్టిన మాలాంటివాళ్ళకి ఆ సీను పండగే. అతను మేధావి అని పక్కవాళ్ళ చేత చెప్పించరు. సమస్య మన ముందు పెడతారు, చేతిలో ఉన్న సామాను చూపిస్తారు, అతనితో పాటే మన బుర్ర కూడా తిరగడం మొదలవుతుంది. అయితే ఇందులో ఒక పెద్ద అబద్ధం ఉంది. కథ మొదలయ్యేదే రాకెట్‌ని పడగొట్టబోయే భయంకరమైన తుఫానుతో. మార్స్ మీద గాలి పీడనం మన దగ్గరున్న దాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అక్కడ ఎంత గాలి వీచినా రాకెట్ పడిపోదు. మూల నవల రాసిన ఆండీ వీర్‌కి కూడా ఈ సంగతి తెలుసు, తెలిసే రాశానని చెప్పాడు. నేను క్షమించేశాను. మనిషిని అక్కడ వదిలేయడానికి ఒక్క అబద్ధం వాడుకున్నాడు, ఆ తర్వాత ప్రతి గుక్క నీళ్ళకీ లెక్క చెప్పాడు.

'మూన్' సినిమా మన దగ్గర చాలామంది చూడలేదు, దయచేసి చూడండి. 2009లో డంకన్ జోన్స్ తీసిన మొదటి సినిమా. చంద్రుడి మీద హీలియం-3 అనే ఇంధనం తవ్వే కేంద్రంలో ఒకే ఒక్క ఉద్యోగి, మూడేళ్ళ కాంట్రాక్టు. ఇంటికి వెళ్ళడానికి ఇంకా రెండు వారాలుందనగా కథ మొదలవుతుంది. ఇంతకంటే చెప్పను. అతనికి తోడుగా ఉండే గెర్టీ అనే రోబోకి ముఖం లేదు, చిన్న తెర మీద పసుపుపచ్చ స్మైలీ మారుతుంటుంది. దాని ఒంటి మీద కాఫీ మరకలు, అతికించిన కాగితాలు. ఆ మరక చూడగానే అక్కడ మూడేళ్ళుగా ఒక మనిషి తిని, తాగి, విసుక్కుని బతికాడని తెలిసిపోయింది. సుమారు 50 లక్షల డాలర్లతో తీసిన సినిమా. చంద్రుడి మీద తిరిగే బండ్లు చాలావరకు చేత్తో చేసిన బొమ్మలు.

'ఏలియన్' (1979) కూడా ఈ కోవలోదే. రాక్షస జీవి రాకముందే నేను ఆ సినిమాకి పడిపోయాను. నిద్ర లేచిన సిబ్బంది ఏడుగురూ భోజనాల బల్ల దగ్గర చేరితే, కింద ఇంజిన్ గదిలో పనిచేసే ఇద్దరూ మొదట ఎత్తేది బోనస్ సంగతి. మిగతావాళ్ళకంటే తమకు తక్కువ ఇస్తున్నారని. అది ఖనిజం మోసే నౌక, వాళ్ళు జీతగాళ్ళు. ఆ ఒక్క గొడవతో కంపెనీ ఎలాంటిదో కూడా తెలిసిపోతుంది.

'ఇంటర్‌స్టెల్లార్' గురించి మా తమ్ముడితో ఎప్పుడూ వాదనే. వాడికి బ్లాక్ హోల్ ఇష్టం. నాకు గిరగిరా తిరుగుతున్న నౌకకి హీరో తన నౌకని అదే వేగంతో తిప్పి జతచేసే సీను. చివర్లో హీరో పుస్తకాల అలమర వెనక నుంచి కూతురికి సందేశం పంపే సన్నివేశం నన్ను ఇప్పటికీ ఒప్పించలేదు.

మరి 'ఆదిత్య 369' అంటారా? 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఆ సినిమా నా కొలతకి లొంగదు. టైమ్ మిషన్ ఎలా నడుస్తుందో అందులో పెద్దగా వివరించరు, మనకీ అడగాలనిపించదు. శ్రీకృష్ణదేవరాయల కొలువు, తర్వాత రేడియేషన్‌కి భయపడి నేల కింద బతికే భవిష్యత్తు, రెండూ ఒకే సినిమాలో పెట్టి, ఇళయరాజా పాటలతో కుటుంబమంతా కూర్చుని చూసేలా చేశారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ విడుదలైతే మా అమ్మాయిని తీసుకెళ్ళాను. నేను 'జాణవులే' దగ్గర కరిగిపోతే, తను ఆ భవిష్యత్తు లోకం దగ్గర నోరు తెరుచుకుని చూసింది. అందులో నాకొక్కటే వెలితి, ఆ మిషన్‌ని బాగుచేసే చేతులు ఇంకాసేపు కనబడి ఉంటే బావుండేది.

ఆ చేతుల కథ మన దగ్గరే ఉంది. 2019 జులై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపేశారు. రాకెట్‌లో సాంకేతిక లోపం. జులై 22 మధ్యాహ్నం 2:43కి అదే రాకెట్ లేచింది. ఆ మధ్యలో షార్‌లో, అంటే ఆ ప్రయోగ కేంద్రంలో, ఎవరు నిద్రపోయారో, ఎవరు పోలేదో, ఏ వాల్వ్ దగ్గర ఎవరి చెయ్యి ఆగిందో, క్యాంటీన్‌లో ఏం మాట్లాడుకున్నారో ఊహించి ఎవరైనా తెలుగులో సినిమా తీయండి. హీరోకి ఇంట్రో పాట అక్కర్లేదు. చేతిలో టార్చ్‌లైటు, మెడలో ఐడీ కార్డు చాలు. మొదటి రోజు మొదటి ఆటకి టికెట్ నాది.