గంజాయి కేసులో పట్టుబడిన నా కారును విడిపించుకున్న అనుభవం

మొన్న గురువారం నా కారు ఇంటికి వచ్చింది. ఏడు నెలలు విజయవాడ శివారులోని ఒక పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసిన ఆ కారు ముందు అద్దం మీద తెల్లరంగుతో రాసిన క్రైం నంబరు కిరోసిన్ గుడ్డతో ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. వాయిదాల మీద కొన్న కారును తెలిసినవారి ట్రావెల్స్‌లో తిప్పడానికి ఇచ్చాను. నర్సీపట్నంలో ఎక్కిన ఇద్దరు ప్రయాణికులు డిక్కీలో పెట్టిన సంచుల్లో 22 కిలోల గంజాయి దొరికింది. వారితోపాటు డ్రైవరునూ అరెస్టు చేసి, కారును సీజ్ చేశారు. ఎఫ్‌ఐఆర్ నకలు, ఆర్‌సీ, బీమా కాగితాలు సమకూర్చుకోవడం రెండు రోజుల పని.

అసలు కష్టం స్టేషన్‌లో. నోటీసు అందుకుని ఉదయం పది గంటలకు వెళ్తే, సాయంత్రం దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన నన్ను, నా కొడుకు వయసున్న ఉద్యోగి ఒకరు “ఇందులో నీ వాటా ఎంత?” అని అడిగారు. అదే సమయానికి పాస్‌పోర్టు విచారణకు వచ్చిన నా పాత శిష్యుడు నమస్కారం పెట్టబోయి, నా పక్కన బేడీలతో కూర్చున్న మనిషిని చూసి చేతులు దించేశాడు. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని తూకం చూసి శిక్షిస్తుంది. కిలో వరకు అయితే ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల కఠిన కారాగారం, ఆపైన లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. తెలిసి వాహనం ఇచ్చిన యజమానికీ 25వ సెక్షన్ కింద అదే శిక్ష. ఆ బల్ల మీద నేను లెక్క వేసుకున్నది, నా వయసుకు పదేళ్లు కలిపితే ఎంతవుతుందనే.

మొదట పెట్టుకున్న ప్లీడరు ఫీజు పుచ్చుకుని, గంజాయి బండి తీర్పు వచ్చేదాకా రాదని తేల్చేశారు. నేనే చట్టం తెప్పించుకుని చదివాను. 60వ సెక్షన్ ప్రకారం వాహనం జప్తు కాకూడదంటే, అంటే శాశ్వతంగా ప్రభుత్వపరం కాకూడదంటే, యజమానికి తెలియకపోవడం ఒక్కటే చాలదు. యజమానికీ, అతని ఏజెంటుకూ, వాహనం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషికీ తెలియదని, వారందరూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారని యజమానే రుజువు చేయాలి. డ్రైవరే ముద్దాయి అయినప్పుడు అతని మనసులోని మాటను నేనెట్లా రుజువు చేసేది? ఆ చిక్కు విప్పింది సుప్రీంకోర్టు తీర్పే. విచారణ ముగిసేలోగా వాహనాన్ని తాత్కాలికంగా అప్పగించడానికి ఈ చట్టం అడ్డురాదని, సరుకు ప్రయాణికుడి దగ్గర దొరికి, యజమానికి తెలుసునన్న ఆరోపణ లేనప్పుడు సాధారణంగా ఇచ్చేయాలని 2025 జనవరిలో అస్సాం లారీ యజమాని కేసులో చెప్పింది. రెండో ప్లీడరుకు ఆ తీర్పు చూపించినది నేనే. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

కోర్టులో వాదన పావుగంటలో ముగిసింది. పూచీకత్తుకు సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి స్తోమత ధ్రువపత్రం) కోసం మాత్రం మూడు వారాలు తిరిగాను. కారు అద్దెకు ఇచ్చేవారు, నిషేధిత సరుకు ఎక్కించరాదని రాయించుకున్న ఒప్పందాన్ని, ట్రిప్ షీట్లను దాచుకోండి; నన్ను గట్టెక్కించినవి అవే. ట్రావెల్స్ వారి మాటసాయం మీద ఆశ పెట్టుకోకండి. మా పెద్దమనిషి ఆ రోజు నుంచి ఫోనెత్తలేదు.

కేసు తేలేదాకా కారు అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు కోర్టు ముందు పెట్టాలి. నిన్న డ్రైవరు భార్య వచ్చి, “కారు ఇచ్చేశారు కదా మాష్టారూ, మరి ఆయన్నెప్పుడు వదులుతారు?” అని అడిగింది. సరుకు 20 కిలోలు దాటింది కనుక, అతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని జడ్జిగారికి తోస్తే తప్ప 37వ సెక్షన్ బెయిలు ఇవ్వనివ్వదు. ఆమెకు కాఫీ ఇప్పించి, నా రెండో ప్లీడరు ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చాను.