పన్నెండు పల్లెల తీర్మానాలు, మా ఊరి ఖాళీ పేజీ

నేను పంచాయతీ సెక్రటరీని. ఊరి పేరు చెప్పను గానీ శ్రీకాకుళం జిల్లా, వంశధార నీళ్లు పారే ఊరు. పదిహేనేళ్ల సర్వీసులో ఎన్ని గ్రామసభ తీర్మానాలు రాశానో లెక్కలేదు. అందులో నిజంగా సభ జరిగాక రాసినవి ఎన్ని అంటే మాత్రం కాస్త గొంతు సవరించుకోవాలి. ఖాళీ పేజీ కింద ముందు సంతకాలు, వేలిముద్రలు తీసేసుకోవడం, పైన మ్యాటర్ తీరిగ్గా రాసుకోవడం, ఇదీ నాకు అలవాటైపోయిన పద్ధతి. వీధిదీపాలకీ, కాలువ పూడికకీ ఇలా చేస్తే ఎవరూ అడగరు, నాకూ తప్పనిపించలేదు.

జూన్‌లో ఒక రాతి క్వారీకి ఎన్ఓసీ, అంటే ఊరికి అభ్యంతరం లేదనే కాగితం, ఇవ్వాలని ఫైలు వచ్చింది. టెక్కలి వైపు నీలి గ్రానైట్ క్వారీలు ఎప్పటినుంచో ఉన్నాయి, మా కొండలోనూ పనికొచ్చే రాయి ఉందట. వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి, తీర్మానం ఎంతవరకు వచ్చిందీ అని. సభ ఎప్పుడు పెడుతున్నారు అని ఎవరూ అడగలేదు, గమనించండి. నాకు టెన్షన్ ఎక్కువై నాలుగు రోజులు సెలవు పెట్టి రాయగడలో ఉన్న మా బావమరిది దగ్గరికి బయల్దేరాను. వాడిది పసుపు వ్యాపారం, ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. నేను మాత్రం వేరే పని మనసులో పెట్టుకుని వెళ్లాను. ఎప్పుడో ఒక ట్రైనింగ్‌లో, గ్రామసభలు గనిని ఆపేసిన ఒడిశా కొండ నియమగిరి గురించి అయిదు నిమిషాలు చెప్పి వదిలేశారు, అది బుర్రలో ఉండిపోయింది.

పార్వతీపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి రాయపూర్ వెళ్లే పాసింజర్. వాన పడుతూనే ఉంది, కిటికీ అద్దం దిగదు, పక్కాయన గొడుగు నా కాళ్ల మీదే ఆరింది. రాయగడ ఒడిశా అన్నమాటే గానీ బజార్లో బేరాలు చాలామటుకు తెలుగులోనే నడుస్తాయి. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి దండం పెట్టుకుని మా వాడి కొట్లో కూర్చుని అసలు సంగతి చెబితే, "ఏటి బావా, సెలవు పెట్టి కూడా పంచాయతీ పనేనా?" అని నవ్వాడు. నవ్వినా, బుధవారం బిస్సంకటక్ దగ్గర చటికోన సంతకి తీసుకెళ్లాడు.

నియమగిరి మీద ఉండే గిరిజనులు, డోంగ్రియా కోందులు, కొండ దిగి వచ్చే సంత అది. అంత మంచి అనాసపళ్లు నేనెక్కడా చూడలేదు, దూరంగా ఉండగానే వాసన తగిలింది. నేను బేరమాడిన ఆవిడకి ముక్కుకి మూడు రింగులు, తల నిండా పిన్నులు, కొప్పులో ఒక చిన్న కత్తి. భుజం మీద తెల్ల శాలువా, దాని మీద ఎర్రటి, పచ్చటి, పసుపు దారాలతో త్రికోణాల కుట్టు. కప్డాగండా అంటారు, 2024లో దానికి జీఐ ట్యాగ్ వచ్చింది. ధర చెప్పి ఇంక ఒక్క రూపాయి దిగలేదు. మా వాడి కొట్లో పనిచేసే కుర్రాడికి వాళ్ల కువి భాష వచ్చు కాబట్టి సరిపోయింది. కువిలోనూ ఇంటిని ఇల్లు అనే అంటారని తెలిసి ఎందుకో సంతోషమేసింది.

వాళ్ల కొండల్లో ఏం జరిగిందో తెలియనివాళ్ల కోసం చెప్తాను. నియమగిరి మీద 7 కోట్ల టన్నులకు పైగా బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, ఉంది. కొండ కింద లంజిగఢ్‌లో వేదాంత కంపెనీవాళ్ల అల్యూమినా రిఫైనరీ ముందే కట్టేశారు, గని అనుమతి తర్వాత సంగతి అన్నట్టు. తవ్వకం కోసం అడిగిన అటవీ భూమి 660 హెక్టార్లు. 2010లో కేంద్ర పర్యావరణ శాఖ కుదరదంది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఏమందంటే, అటవీ హక్కుల చట్టం ప్రకారం ఈ కొండ మీద మీకున్న హక్కులేమిటి, మీ దేవుడు నియమరాజు సంగతేమిటి అని అక్కడి గ్రామసభలనే అడగండి, జిల్లా జడ్జి స్థాయి అధికారి దగ్గరుండి చూడాలి అని.

కొండ చుట్టూ వందకు పైగా పల్లెలుంటే రాష్ట్ర ప్రభుత్వం ఎంచింది పన్నెండు, రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో అయిదు. మిగతావాళ్లకి నోరు లేదా అని అప్పట్లో పెద్ద గొడవే అయింది. జులై 18న సెర్కపాడిలో మొదటి సభ పెడితే 38 మంది ఓటర్లలో 36 మంది వచ్చారు. ఇలాంటి హాజరు నా సర్వీసులో కాగితం మీదే చూశాను, అదీ నేను రాసిన కాగితం మీద. ఇజిరుపా అనే ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క కుటుంబం, అయినా జడ్జి, అధికారులు, పోలీసులు అందరూ అక్కడికీ వెళ్లారు. వాళ్లూ వద్దన్నారు. ఆగస్టు 19న జరపాలో చివరి సభ. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి లేదని తేల్చేసింది. మళ్లీ సభలు పెట్టాలని 2016లో ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ ఇంకోసారి కోర్టుకెళ్తే అదీ కొట్టేశారు.

ఇది తెలిసిన కథే. నాకు కావలసింది వేరు, ఆ కాగితం ఎలా రాశారు అన్నది. సంత చివర జీలుగు చెట్టు గురించి మాట కలిపి ఒక పెద్దాయన్ని కదిపాను, ఆయన అలాంటి ఒక సభలో కూర్చున్నవాడే. రాసింది ఒడియాలో, మాట్లాడింది కువిలో, మధ్యలో తర్జుమా చేసే మనిషి. మరి ఏం రాశారో మీకెలా తెలుసు అని అడిగించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బొటనవేలు పైకెత్తి ఏదో అన్నాడు. కుర్రాడు చెప్పాడు, "మొత్తం చదివి మా మాటలో చెప్పాకే ఇది పెట్టాం, ఒకసారి సరిపోకపోతే రెండోసారి చదివించాం అంటున్నాడు." నువ్వు ఏం పని చేస్తావని నన్నూ అడిగాడు. పసుపు కొట్లో ఉంటానని అబద్ధం చెప్పాను.

మర్నాడు మునిగుడ మీదుగా లంజిగఢ్ వెళ్లాం. పల్లెల్లోకి పోలేదు, అనుమతి లేకుండా పోకూడదు, పోయి ఫొటోలు తీసుకోవడం నాకు ఇష్టమూ లేదు. రోడ్డు మీంచే చూశాం. పొగగొట్టాలు, రిఫైనరీ వ్యర్థం నింపే ఎర్రమట్టి చెరువు, కొండ వైపు వెళ్దామని కట్టిన కన్వేయర్ స్తంభాలు. ఖనిజం బయటి నుంచి తెచ్చుకుంటూ రిఫైనరీ నడుస్తూనే ఉంది, దాని మీద బతికేవాళ్లూ ఉన్నారు. గని రాకపోవడం వల్ల నష్టపోయామనే ఆటోడ్రైవర్ కూడా దొరికాడు, ఆయన మాటనీ కొట్టిపారేయలేను.

ఒక చోట కల్వర్టు మీద ఆటో ఆపి, "బావా, ఇదే మన వంశధార" అన్నాడు మా వాడు. నేను నమ్మలేదు. ఒక్క గెంతులో దాటేయొచ్చు, మోకాలి లోతు కూడా లేదు. గొట్టా బ్యారేజీ దగ్గర వరదలప్పుడు చూస్తే గుండె ఝల్లుమనే నది, 250 కిలోమీటర్లు వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది, ఈ కొండల్లోనే పుడుతుందని పుస్తకంలో చదివాను గానీ ఇలా ఉంటుందనుకోలేదు. 2013లో ఆ పల్లెలు కొండ వదిలేసి ఉంటే మా పొలాలకొచ్చే నీళ్ల సంగతి గురించి మమ్మల్ని ఎవరైనా అడిగేవారా? మా ఊళ్లో ఒక్కడికైనా ఆ సభల సంగతి తెలుసా? నాకే తెలీదు కదా.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఒకాయన సిజిమాలి గురించి చెప్పాడు. అదే రాయగడ, కలహండి సరిహద్దులో ఇంకో బాక్సైట్ కొండ. 2023 డిసెంబరులో అక్కడ గ్రామసభలు జరిగాయని, ఊళ్లు ఒప్పుకున్నాయని రికార్డుల్లో ఉందట. ఊళ్లవాళ్లేమో అసలు సభే జరగలేదు, సంతకాలు మావి కావు అంటున్నారు. ఆయన చెప్తుంటే నేను కిటికీ వైపు తిరిగిపోయాను, ఆ పేజీ ఎలా తయారవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు.

వచ్చేసరికి అనాసపళ్లు సగం మెత్తబడ్డాయి. సోమవారం ఫోన్ రానే వచ్చింది. వారంరోజుల ముందు నోటీసు అంటించి, ఊరంతా చాటింపు వేయించి సభ పెడతానని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

సభకి 41 మంది వచ్చారు. మంచినీళ్ల ట్యాంకు మీద గంటసేపు తిట్టారు, పింఛన్ల మీద అరగంట. క్వారీ దగ్గరికి వచ్చేసరికి సగంమంది భోజనాలకి లేచిపోయారు. మిగిలినవాళ్లలో ఒక ముసలమ్మ, "కొండ మీద మా ఆవులెక్కడ మేస్తాయి బాబూ?" అంది, ఒక కుర్రాడు ఉద్యోగాలు ఎన్ని ఇస్తారన్నాడు. దేనికీ నా దగ్గర జవాబు లేదు, ఫైల్లోనూ లేదు. వచ్చే నెల మళ్లీ కూర్చుందాం, కంపెనీవాళ్లని కూడా రమ్మందాం అనుకుని లేచాం. మినిట్స్ బుక్కులో ఆ అంశం కింద "వాయిదా" అని ఒక్క మాట రాశాను. కింద సంతకాలేవీ తీసుకోలేదు.