పొట్ట మీద చారలు రాకూడదని నేను పడ్డ తిప్పలు

ఐదో నెల పడగానే మా వీధి చివర మెడికల్ షాపుకు పోయి 720 రూపాయలు పెట్టి ఒక క్రీము కొన్నాను. మా ఆయన బిల్లు చూసి ఏమీ అనలేదు గానీ, డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పి "ఇంత చిన్నదా?" అన్నాడు. ఆఫీసులో ఒక అక్క ముందే భయపెట్టి పెట్టింది నన్ను. "ఇప్పటి నుంచే పూసుకో, ఒకసారి వచ్చినాయంటే జన్మలో పోవు" అని. ఆమె మాటలో సగం నిజమేనని తర్వాత తెలిసింది. ఆ సగం ఏదో అప్పుడు తెలియలేదు.

మా కర్నూలులో ఏప్రిల్, మే అంటే చెప్పేదేముంది. కోకో బటర్ ఉన్న క్రీము అది. మధ్యాహ్నం మూత తీస్తే లోపల నెయ్యిలా కరిగి ఉండేది. పూసుకుంటే చెమటతో కలిసి నైటీకి అంటుకోవడమే తప్ప ఒంటికి పట్టింది లేదు. చివరికి డబ్బాను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. మా అత్త దాన్ని చూసి ఏదో తినేదే అనుకుని వాసన కూడా చూసింది.

అంతలో మా అవ్వ ఊరి నుంచి గానుగ నువ్వుల నూనె సీసా పట్టుకుని వచ్చింది. పొద్దున క్రీము, రాత్రి నూనె. అవ్వకు ఇంకో నియమం కూడా ఉంది: "గోకద్దు మే, గోకితేనే గీతలు పడతాయి." ఆరో నెల దాటినాక పొట్ట దురద ఎట్లుంటుందో అనుభవించినోళ్లకే తెలుసు. రాత్రి రెండు గంటలకు లేచి, గోక్కోకుండా రెండు చేతులూ దిండు కింద పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఇంత కష్టపడి కాపాడుకుంటున్నా కదా, నాకు రావులే అని ధైర్యంగా ఉండేదాన్ని.

ఏడో నెల చివర్లో వచ్చాయి. అసలు ఎప్పుడు వచ్చాయో కూడా నాకు తెలియదు, ఎందుకంటే పొట్ట కింది భాగం నా కంటికి కనపడే రోజులు అప్పటికే పోయాయి. ఒకరోజు స్నానం చేసినాక ఏదో అనుమానమొచ్చి ఫోను పొట్ట కింద పెట్టి ఫోటో తీశాను. బొడ్డుకు కింద, ఎడమ పక్కన మూడు గీతలు. నేరేడు పండ్లు తిన్న నాలుక రంగు. వేలితో తడిమితే కొంచెం గుంటగా తగిలాయి. దాదాపు మూడు నెలలు పూసిందంతా బూడిదలో పోసినట్టయిందని మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు నిజంగానే ఏడ్చాను.

తర్వాతి చెకప్‌లో బిడ్డ గుండె చప్పుడు విన్నాక, సిగ్గుపడుతూనే డాక్టరమ్మను అడిగాను. ఆమె ముందు అడిగిన ప్రశ్న: "మీ అమ్మకు ఉన్నాయా?" నాకు తెలియదన్నాను. పై చర్మం కింద ఇంకో పొర ఉంటుందట. చర్మం సాగడానికి కావలసిన కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు ఉండేది అందులోనే. కడుపు పెరిగే వేగం ఒక పక్క, గర్భంలో మారే హార్మోన్లు ఇంకో పక్క, ఆ పోగులు తెగిపోతాయి. "లోపల పోగు తెగిన చీరకు పైన ఎంత ఇస్త్రీ చేస్తే ఏం లాభమమ్మా" అన్నారు. ఎవరికి వస్తాయి, ఎవరికి రావు అనేది చాలావరకు పుట్టుకతో వచ్చే చర్మాన్ని బట్టే ఉంటుందట. చిన్న వయసులో కాన్పయ్యేవాళ్లకు, బిడ్డ పెద్దగా ఉన్నవాళ్లకు, తొందరగా బరువు పెరిగినవాళ్లకు ఎక్కువ.

ఆ చివరి మాట దగ్గర నా ఫైలు తిప్పి చూశారు. శ్రీమంతం పేరుతో చుట్టాలందరి ఇళ్లలో భక్ష్యాలు, లడ్లు తిని ఒక్క నెలలో నాలుగు కిలోలు పెరిగాను. ముందు మామూలు బరువున్న మనిషి తొమ్మిది నెలల్లో మొత్తంగా 11.5 నుంచి 16 కిలోల దాకా పెరగొచ్చు, కాకపోతే మెల్లమెల్లగా పెరగాలన్నారు. తిండి తగ్గించమనలేదు, తీపి తగ్గించమన్నారు. నా చేతిలో ఉన్నదల్లా అదొక్కటే. దాని గురించి మాత్రం అంతవరకు ఎవ్వరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. దురద తగ్గడానికి అదే షాపులో అబ్బాయి ఒక చిన్న ట్యూబు ఇచ్చి ఉన్నాడు. బ్యాగులోంచి తీసి చూపిస్తే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. క్లోబెటాసోల్ అంట, గట్టి స్టెరాయిడ్. చీటీ లేకుండా ఇష్టమొచ్చినట్టు పూస్తే చర్మం పలచబడి, దానివల్లే చారలు పడతాయట! చారలు రాకూడదని తిరుగుతూ చారలు తెచ్చే మందు కొనుక్కున్నానన్నమాట. నా అదృష్టం, రెండు మూడు సార్లకంటే ఎక్కువ పూయలేదు. రెటినాల్ (ఒక రకం విటమిన్ ఎ) ఉన్న క్రీములు కూడా కడుపుతో ఉన్నప్పుడు ముట్టుకోవద్దన్నారు.

గోకితే గీతలు పడతాయన్నది ఉత్తమాటేనట. చర్మం సాగి పొడిబారితే దురద వస్తుంది, చారలు వచ్చేచోట ఇంకా ఎక్కువ. గోర్లతో చర్మం రేగకుండా చూసుకుంటే చాలు, నూనె రాస్తే దురద తగ్గుతుంది, రాసుకోమన్నారు. అవ్వ నూనె నిలబడింది, అవ్వ నియమం పోయింది. ఆ రాత్రి ఫోనులో వెతికితే 2012లో కోక్రేన్ అనే సంస్థ వాళ్లు (వైద్య పరిశోధనలను బేరీజు వేసేవాళ్లు) 800 మంది ఆడవాళ్లపై జరిగిన ఆరు పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష కనపడింది. పైన పూసే క్రీములు, నూనెలు చారలను ఆపుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని అందులో ఉంది. నా 720 రూపాయలు గుర్తొచ్చాయి.

ఆ వారమే పుట్టింటికి పోయాను. అమ్మ జొన్నరొట్టె తడుతుంటే పక్కన కూర్చుని అడిగాను. "మిమ్మల్ని ముగ్గుర్ని మోసిన కడుపు మే, లేకుండా ఎట్లుంటాయి?" అని పిండి చేత్తోనే కొంగు పక్కకు జరిపింది. పొయ్యి వెలుతురు పక్క నుంచి పడుతుంటే చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి, ఎడమ నుంచి కుడి దాకా. నేను పుట్టినప్పుడు అమ్మకు పంతొమ్మిదేళ్లు. నన్ను మోసిన కడుపును నేను సరిగ్గా చూసింది అదే మొదటిసారి.

ఎనిమిదో నెలలో రాత్రిళ్లు అరచేతులు, అరికాళ్లు దురద పెట్టాయి. చర్మం మీద పొక్కు లేదు, ఏమీ లేదు. ఇదీ మామూలేలే అనుకున్నాను గానీ, అట్లాంటి దురద లివర్‌కు సంబంధించినదై ఉండొచ్చని, దానివల్ల బిడ్డకు ప్రమాదమని చెప్పి డాక్టరమ్మ వెంటనే రక్తపరీక్ష రాశారు. రిపోర్టు వచ్చేదాకా చారల సంగతే గుర్తుకు రాలేదు. దేవుడి దయవల్ల అంతా నార్మల్ వచ్చింది.

ఆగస్టులో పాప పుట్టింది. పురిటి స్నానం పోస్తూ అమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పటికి ఎడమ పక్క ఏడు, కుడి పక్క నాలుగు. "నాకంటే తక్కువే పడినాయిలే నీకు" అంది. ఆ గొంతులో సంతోషముందో, కొంచెం కుళ్లుందో నాకిప్పటికీ తెలియదు. పాపకిప్పుడు పదో నెల. నేరేడు రంగు పోయి గీతలు తెల్లబడ్డాయి. లేజర్లు అవీ ఉన్నాయట, పూర్తిగా మాత్రం పోవట. నేనైతే ఆ జోలికి పోలేదు. క్రీము డబ్బా ఇంకా సగముంది, చలికాలమంతా మా ఆయన మడమల పగుళ్లకు పూసుకున్నాడు.