నాలుగింటికి లేవలేని వాళ్ల ప్రిపరేషన్

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఎవరిని సలహా అడిగినా ముందు వినపడేది ఒకటే: తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. నిద్ర లేచాక గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు వేళ్లు ముడుచుకోవు, మణికట్టు తిరగదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ కీళ్ల లోపలి పొర మీదే దాడి చేసే జబ్బిది. రాత్రంతా కదలని కీళ్లు పొద్దున్నే బిగుసుకుపోయి ఉంటాయి, కదిలిస్తూ ఉంటే మెల్లగా వదులవుతాయి. అందుకే నా పొద్దుటి టైం పుస్తకానిది కాదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని, ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తూ, రికార్డు చేసుకున్న నోట్సు వినేదాన్ని. పెన్ను పట్టేది ఆ తర్వాతే.

టైం టేబుల్ రోజు లెక్కన కాకుండా వారం లెక్కన వేసుకోండి. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి ఆ రోజు పేరు గోడ మీద పెద్దగా రాసిపెట్టుకున్నాను. మర్నాడు నాకు వికారం, నీరసం. డాక్టర్‌తో మాట్లాడి మందును శనివారం రాత్రికి మార్చుకున్నాను. అందరూ ఆదివారం మాక్ టెస్ట్ రాస్తే నేను బుధవారం రాసేదాన్ని. ర్యాంకు పట్టికలో పేరు ఆలస్యంగా కనిపిస్తుంది, అంతేగా! లివర్, రక్తకణాల పరీక్షలు కూడా క్రమం తప్పకూడదు. వాటి తేదీలు సిలబస్ ప్లాన్‌లోనే ఉండాలి.

నొప్పి కంటే అలసటతోనే ఎక్కువ ఇబ్బంది. ఎనిమిది గంటలు పడుకున్నా తీరని అలసట అది. ‘చూస్తే బాగానే ఉన్నావుగా’ అనేవాళ్లకు వివరించడం నేను మానేశాను, ఆ ఓపికేదో రివిజన్‌కు పనికొస్తుంది. పద్నాలుగు గంటలు చదివామని చెప్పేవాళ్లతో పోల్చుకోవడం కూడా అనవసరం. ఈ రోజు ఎన్ని ప్రశ్నలకు పుస్తకం చూడకుండా జవాబు చెప్పగలిగాను అన్నదే నేను లెక్క పెట్టుకునేది.

ఇక ఫ్లేర్, అంటే జబ్బు ఒక్కసారిగా ఎక్కువవడం. అది చెప్పి రాదు, పరీక్ష టెన్షన్‌లోనూ రావచ్చు. ఆ రోజుల కోసం వేరే ప్లాన్ ముందే రాసి ఉంచుకోవాలి, ఎందుకంటే నొప్పిలో ప్లాన్ వేసే తెలివి ఉండదు. నా ప్లాన్‌లో కొత్త చాప్టర్ ఉండదు. పాత ప్రశ్నపత్రాలు ఎవరైనా చదివితే పడుకునే జవాబు చెప్పడం, అది కూడా కుదరకపోతే విశ్రాంతి. ఫ్లేర్‌కు స్టెరాయిడ్ ఇస్తే నిద్ర పట్టకపోవచ్చు. రాత్రి కలిసొచ్చిందని సంబరపడకండి, ఆ మాత్ర పొద్దున పూట వేసుకోవాలా అని డాక్టర్‌ను అడగండి. తగ్గింది కదా అని సొంతంగా ఆపేయకూడదు. మన మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి జ్వరం వస్తే ‘పరీక్ష అయ్యాక చూద్దాం’ అనుకోవద్దు. పరీక్ష తేదీ డాక్టర్‌కు ముందే చెప్పండి. కొత్త మందు పూర్తిగా పని చేయడానికి చాలా వారాలు పట్టవచ్చు, కాబట్టి మార్పు ఏదైనా ఉంటే ముందుగా చేస్తారు.

మూడు గంటల రాత పరీక్ష వేరే కథ. లావు పట్టు ఉన్న పెన్ను వాడితే వేళ్లు అంత గట్టిగా నొక్కక్కర్లేదు. ఒక్కో జవాబు అయ్యాక చెయ్యి ఒకసారి తెరిచి మూయండి. కదలకుండా కూర్చుంటే మోకాళ్లు కూడా పట్టేస్తాయి, బెంచీ కింద పాదాలు ఆడిస్తూ ఉండండి. స్క్రైబ్ (మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం లాంటి సౌకర్యాల నిబంధనలు పరీక్షను బట్టి మారుతాయి. సాధారణంగా వైద్య ధృవపత్రం అడుగుతారు, దరఖాస్తులోనే ఆ విషయం చెప్పాల్సి ఉంటుంది. హాల్ దగ్గర అడిగితే చాలావరకు కుదరదు. స్క్రైబ్ దొరికితే చాలనుకోకండి, చెప్పి రాయించడానికి వేరే ప్రాక్టీసు కావాలి. మనసులో సగం, నోట్లో సగం ఉన్న వాక్యం ఎదుటివాళ్లకు అర్థం కాదు. పేరా ఎక్కడ మార్చాలో, ఏ పదం కింద గీత గీయాలో కూడా నోటితోనే చెప్పాలి.