గసగసాల గింజంత కెపాసిటర్లు మూడు

ఆదివారం పొద్దున్నే అక్క కొడుకు తన గ్రాఫిక్స్ కార్డు పట్టుకొచ్చాడు, బిర్యానీ పార్సిల్ కవర్లో చుట్టి. జీటీఎక్స్ 1060, 6 జీబీది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. "మామయ్యా, గేములో బొమ్మ ఆగి ఆగి వస్తోంది" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. వీడు ఇంత క్లుప్తంగా చెప్పాడంటే ఏదో చేసే వచ్చుంటాడు.

కార్డు తిప్పి చూశాను. వెనక వైపు, బంగారు రంగు కాంటాక్టులకి కాస్త పైన పొడుగాటి గీత. అక్కడ గోధుమరంగు కెపాసిటర్లు వరసగా ఉంటాయి. ఆ వరసలో మూడు చోట్ల పళ్ళూడినట్టు ఖాళీ, అడుగున మెరుస్తున్న ప్యాడ్లు.

"స్క్రూడ్రైవర్ జారిందా?"

"స్లాట్ లాక్ వేలికి అందలేదు మామయ్యా."

వాణ్ణి తిట్టలేకపోయాను. ఆ లాక్ పెట్టే చోటు అలాంటిది. పైన సీపీయూ కూలర్, కింద కార్డు, మధ్యలో వేలు పట్టదు. నేనూ స్కేలుతో నొక్కే రకమే.

ఈ కెపాసిటర్లు కార్డు నుంచి మదర్‌బోర్డుకి వెళ్ళే సిగ్నల్ దారిలో ఉంటాయి. మొత్తం 16 లేన్లు (డేటా వెళ్ళే దారులు), లేనుకి రెండు తీగలు, తీగకొకటి చొప్పున 32. కంప్యూటర్ ఆన్ చేయగానే కార్డు ఒక్కో తీగలోకి చిన్న పల్స్ పంపి, అవతల ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటుంది. కెపాసిటర్ ఊడితే అవతల ఎవరూ లేరనుకుని ఆ లేనును వదిలేస్తుంది. వదిలేస్తే 15తో నడవదు, 8కో 4కో దిగిపోతుంది. వీడి కార్డులో రెండు చివర్న పోయాయి, ఒకటి మధ్యలో. చివరివి మాత్రమే పోయుంటే 8 లేన్లతో నడిచేది, గేముల్లో తేడా పెద్దగా తెలిసేది కాదు. మధ్యది ముంచింది. నా సిస్టంలో పెట్టి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే 16 ఉండాల్సిన చోట 4 అని చూపించింది. (పని లేనప్పుడు అక్కడే 3.0 అనే స్పీడు నంబరు కాస్తా 1.1 అని కనిపిస్తే కంగారు పడకండి, అది కరెంటు పొదుపు. లేన్ల సంఖ్య మాత్రం తగ్గకూడదు.)

ఊడిన ముక్కలు కేబినెట్ అడుగున ఉంటాయేమో అంటే, వాడు అప్పటికే బ్లోయర్ కొట్టి శుభ్రం చేశాడట. ఎప్పుడూ లేనిది!

సోమవారం ఆఫీసయ్యాక ఎలక్ట్రానిక్ పార్టులు అమ్మే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. 0805 సైజు ఉంది, 0603 ఉంది. నాకు కావలసింది 0402, అంటే 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. విడిగా ఇవ్వరు, రీలు తీసుకోవాలి. రీలుకి 10,000 ముక్కలు. ఇంటికొచ్చి అటక మీదున్న చచ్చిన పాత గ్రాఫిక్స్ కార్డు, జీటీఎక్స్ 750 టీఐ దించాను. అదీ మదర్‌బోర్డు స్లాట్‌లో మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో నడిచే కార్డే కాబట్టి అదే జాతి కెపాసిటర్లు ఉంటాయని నమ్మకం. ఒకటి పీకి మీటర్లో పెడితే 0.21 మైక్రోఫారడ్ చూపించింది. 0.22 ఉండాలి, సరిపోయింది. పోయినవి రెసిస్టర్లయితే ఈ పనికి దిగేవాణ్ణే కాదు. ఈ సైజులో వాటి మీద విలువ రాసి ఉండదు, పక్కదాన్ని చూసి ఊహిస్తే కార్డు తన మెమరీనే తప్పుగా గుర్తించొచ్చు.

అసలు కష్టం ఫ్యానుతో వచ్చింది. ఫ్యాను వేస్తే గసగసాల గింజంత ముక్క ఎగిరిపోతుంది, ఆపితే మే నెల. ఆపాను. ప్యాడ్ల మీద పాత సోల్డర్‌ని విక్‌తో (దాన్ని పీల్చుకునే రాగి అల్లిక) తీసేసి, సోల్డర్ బాగా అతుక్కునేలా ఫ్లక్స్ రాసి, సీసం కలిసిన కొత్త సోల్డర్ కొంచెం అద్దాను. అది 183 డిగ్రీలకే కరుగుతుంది. పక్కన ప్లాస్టిక్ ఏమైనా ఉంటే వేడి తట్టుకునే క్యాప్టన్ టేపు. హాట్ ఎయిర్ గన్ 350 డిగ్రీల దగ్గర, గాలి బాగా తగ్గించి. ఈ కెపాసిటర్లకి రెండు వైపులా సన్నటి సిగ్నల్ తీగలే, గ్రౌండ్ లేదు. అందుకే వేడి బోర్డులోకి పారిపోదు, సోల్డర్ చటుక్కున మెరుస్తుంది. మొదటిది ట్వీజర్‌తో అలా పెట్టగానే తనంతట తానే సర్దుకుని సూటిగా కూర్చుంది. ఆ క్షణం కోసమే ఈ పిచ్చి పనులన్నీ చేస్తుంటాను.

రెండోది ట్వీజర్ నుంచి టిక్కున ఎగిరింది. మొబైల్ టార్చి వేసుకుని నేల మీద పాకుతుంటే అమ్మ వచ్చి, "ఏం పోయిందిరా, చెవి కమ్మ సీలా?" అంది. దొరకలేదు. అటక కార్డు నుంచి ఇంకోటి పీకాను. మూడోది కొంచెం వంకరగా కూర్చుంది, మళ్ళీ వేడి చేశాను.

ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, పక్కపక్క వాటికి షార్ట్ పడలేదని, 12 వోల్టుల లైను గ్రౌండ్‌కి అంటుకోలేదని మీటర్‌తో చూసుకున్నాకే స్లాట్‌లో పెట్టాను. జీపీయూ-జెడ్‌లో 16.

అక్కకి ఫోన్ చేసి కార్డు బాగైంది, వాణ్ణి పంపమన్నాను.

"వాడికి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. ఎంసెట్ అయ్యేదాకా అది నీ దగ్గరే చెడిపోయి ఉండనీ" అంది.

వాడు రోజూ మెసేజ్ పెడుతున్నాడు. పార్టు దొరకలేదని చెబుతున్నాను.