చిన్నమామయ్య ప్రార్థన

ఎవరైనా మనల్ని ఒక మాట అంటే తిరిగి ఇంకో మాట అనవచ్చు. ప్రార్థనలో పెట్టి అంటే ఏం చేయాలి? కళ్లు మూసుకుని, తల వంచుకుని వినాలి, చివర్లో ఆమేన్ కూడా మనమే అనాలి. సాయంత్రం నుంచి కడుపులో ఇదే ఉడుకుతోంది. ఇల్లంతా పడుకున్నా నాకు నిద్ర రావడం లేదు.

అత్తయ్య డయాలసిస్ మానేసిన సంగతి ప్రొద్దుటూరు దాకా ఎలా చేరిందో గానీ, చిన్నమామయ్య బస్సు దిగి నేరుగా వచ్చేశారు. చెప్పులు విడిచి, మంచం పక్కన నిలబడి, చెయ్యి పైకెత్తి మొదలుపెట్టారు. మరియాపురం వీధంతా వినే ఉంటుంది. స్వస్థత కోసం అడిగారు, మంచిదే. ఆ తర్వాత, "ఈ ఇంట్లో విశ్వాసం సన్నగిల్లినవారిని క్షమించు తండ్రీ, నువ్విచ్చిన ఆయుష్షుకు మనుషులు గడువు పెట్టకుండా చూడు" అన్నారు. గదిలో ఉన్నది అత్తయ్య, నేను, మా చిన్నోడు. ఎవరి విశ్వాసం సన్నగిల్లిందో విడమరిచి చెప్పాలా?

నన్ను అన్నందుకు కాదు ఇంత కోపం. అంతసేపు ప్రార్థన చేసిన మనిషి ఒక్కసారైనా "వదినా, నీకెలా ఉంది?" అని అడగలేదు. ఆమె పక్కనే నిలబడి, ఆమె అక్కడ లేనట్టుగా ఆమె గురించే దేవుడితో మాట్లాడారు. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేసినప్పుడు యేసు ప్రభువు అతన్ని దగ్గరికి పిలిపించుకుని, నీకేం చేయమంటావని ముందు అడిగారు. గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియదా? తెలిసే అడిగారు.

నాన్నను ఎవరూ అడగలేదు. నాన్న కర్నూలు ఐసీయూలో ఉన్నప్పటి చేతుల సంగతి ఇప్పటిదాకా రాయలేకపోయాను. గొంతులోని గొట్టం పీకేసుకుంటాడని రెండు మణికట్లకూ బ్యాండేజీ గుడ్డ చుట్టి మంచం కడ్డీలకు కట్టారు. నర్సమ్మ పాపం నొప్పి పుట్టకుండా వదులుగానే కట్టింది. నేను చెయ్యి పట్టుకోగానే నా అరచేతిలో చూపుడువేలితో ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఉద్యోగమంతా నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన వేలు అది. మొదటిది 'వ' అనుకున్నాను, 'ప' కూడా కావచ్చు. "నీళ్లా?" అన్నాను. కాదన్నట్టు కనుబొమలు ముడిచాడు. "ఇంటికా?" అన్నాను. కళ్లు మూసుకున్నాడు. అది అవునో, అలసటో తెలియలేదు. మళ్లీ రాశాడు. కట్టు వల్ల వేలు ముందుకు జరగక అక్షరాలన్నీ ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంతలో టైమైందని నన్ను బయటికి పంపేశారు. అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి, అంటే జబ్బు మనిషికి తైలం పూసి ప్రార్థన చేయడానికి, వచ్చిన ఫాదర్‌గారిని అద్దం తలుపు దగ్గరే ఆపేశారు. ఆయన తైలం సీసా జేబులోనే పెట్టుకుని, అక్కడే నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. వెంటిలేటర్ పెట్టే ముందు మమ్మల్ని అడిగారు, మేం సంతకం పెట్టాం. అప్పటికి నాన్నకు మాట స్పష్టంగానే ఉంది.

అందుకే అత్తయ్య "ఇక సూదులు వద్దమ్మా" అన్నప్పుడు నేను ఎదురు చెప్పలేదు. ఆ నాలుగు గంటల్లో బీపీ పడిపోయి కళ్లు తేలేసేది. మర్నాడంతా మంచం దిగేది కాదు, ఆ మరుసటి రోజు మళ్లీ వెళ్లాలి. గుండె తట్టుకోవడం లేదని డాక్టరుగారే అన్నారు. ప్రాణాన్ని ఎలాగైనా పట్టి నిలపాలని మా కథోలిక తిరుసభ ఎన్నడూ అనలేదు. అసాధారణమైన చికిత్సలు తీసుకోవాల్సిన బాధ్యత లేదని పన్నెండో పయస్ పాపుగారు (పోపు) 1957లోనే వైద్యులకు చెప్పారు. 1980లో రోము నుంచి వచ్చిన ప్రకటనలోనూ అదే మాట. ప్రాణం తీయడం వేరు, ఆపలేని మరణాన్ని ఒప్పుకోవడం వేరు. గొట్టం ద్వారా ఇచ్చినా సరే అన్నం, నీళ్లు మామూలు సంరక్షణలో భాగమేనని 2004లో రెండో జాన్‌పాల్ పాపుగారు గట్టిగా చెప్పారు. ఆయనే మరుసటి ఏడాది చివరి రోజుల్లో మళ్లీ ఆసుపత్రికి వెళ్లకుండా వాటికన్‌లోని తన గదిలోనే కన్నుమూశారు. మేం అత్తయ్యకు తిండి మానిపించామా, నీళ్లు మానిపించామా? పొటాషియం అని ఇన్నాళ్లూ దగ్గరికి రానివ్వని మామిడిపండు, డాక్టరుగారు కొంచెం పెట్టవచ్చన్నాక ఈ మధ్యాహ్నమే పెట్టాను. బేనీషా ముక్క, తొక్క దాకా చీకింది.

ఇదంతా అన్నం తినేటప్పుడు మా ఆయనకు ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, "పిన్నిని చిన్నాన్న ఎందుకు ఇంటికి తెచ్చుకున్నాడో మరిచిపోయావా?" అన్నారు.

మరిచిపోలేదు, ఆ వైపు నుంచి చూడలేదంతే. డబ్బు అయిపోయిందని తెలిశాకే "ఇంటికి తీసుకెళ్లండి, లాభం లేదు" అన్నారు చిన్నత్తయ్యను ఉంచిన ఆసుపత్రిలో. అంబులెన్సులో దారి పొడవునా చిన్నమామయ్యే గాలి సంచి నొక్కుతూ వచ్చారు. ఆయన చెవికి "చికిత్స ఆపడం" అంటే అదే. పేదవాళ్లకు చెప్పే మర్యాదైన మాట. అత్తయ్యకు డయాలసిస్ ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఖర్చు లేకుండానే జరిగేది కాబట్టి ఆపడానికి డబ్బు కారణం కాదని మాకు తెలుసు. ఆయనకు ఎవరు చెప్పారు? డబ్బున్నవాళ్లు గౌరవంగా వద్దనడం, లేనివాళ్ల చేత వద్దనిపించడం రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. చిన్నమామయ్య భయంలో న్యాయం ఉంది. అది చెప్పుకోవడానికి ప్రార్థనను వాడుకోవడం మాత్రం ఇప్పటికీ నాకు నచ్చలేదు.

అయితే ఆయన వల్లే ఇంకో అనుమానం మొదలైంది. మొన్న దుప్పటి మారుస్తుంటే అత్తయ్య, "ఇంకెన్నాళ్లులే, నీకు ఈ చాకిరీ తప్పుతుంది" అంది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుచ్చుకుంటోంది. సూదులు భరించలేక వద్దంటోందా, మాకు బరువయ్యానని వద్దంటోందా? మొదటిదైతే ఆమె మాటే చెల్లాలి. రెండోదైతే, ఆమె విలువ ఎంతో ఆమెకు తెలిసేలా మేం చూసుకోలేదన్నమాట. ఏ జబ్బూ, ఏ నిస్సహాయతా మనిషి గౌరవాన్ని తీసివేయలేవని 2024లో రోము మళ్లీ చెప్పింది. ఆ మాట మంచం మీద ఉన్న మనిషికి ఎలా చేరాలి? పక్క మార్చే చేతుల ద్వారానే చేరాలి. నయం కాని జబ్బులవారిని చివరిదాకా చూసుకునే సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను 1967లో లండన్‌లో ప్రారంభించిన సిసిలీ సాండర్స్ కూడా విశ్వాసే. ఒంటి నొప్పితో పాటు మనసుది, ఇంటిది, ఆత్మది కూడా నొప్పేనని, అన్నింటికీ మందు వేయాలని ఆవిడ పట్టుబట్టారు. అత్తయ్య ఆయాసానికి, దురదకు మందులు రాయించుకొచ్చాం. చాకిరీ గురించిన బాధకు ఏమీ చేయలేదు.

స్పృహ తప్పినా ఏ చికిత్స వద్దో తెలిసేలా అత్తయ్య చేత ముందే కాగితం రాయించుదామంటున్నారు మా ఆయన. 2018లో సుప్రీంకోర్టు అలాంటి ముందస్తు వీలునామాను అంగీకరించింది. 2023 నుంచి మేజిస్ట్రేటు సంతకం కూడా అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు ఉండి నోటరీ అయితే చాలు. రేపోమాపో స్పృహ తప్పితే అది అవసరమే. మధ్యాహ్నం దాకా నేనూ ముందు కాగితమే అన్నాను. ఇప్పుడు కాదంటాను. ముందు ఆమెతో మాట్లాడాలి.

రేపు పొద్దున కాఫీ ఇచ్చాక పిల్లాడిని బయటికి పంపి, చిన్నమామయ్యను అత్తయ్య దగ్గర కూర్చోబెడతాను. నిలబడి కాదు, కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఏం కావాలని ఆయనే ఆమెను అడగాలి. చాకిరీ సంగతి నేను అడుగుతాను. మళ్లీ డయాలసిస్‌కు వెళతానంటే శనివారం ఆటో పిలుస్తాను. వద్దంటే ఎందుకు వద్దో ఆయన ఆమె నోటితోనే వినాలి. ఆ తర్వాత ఎంతసేపైనా, ఎంత గట్టిగానైనా ప్రార్థన చేసుకోమంటాను.